నెదర్లాండ్స్ పల్లెల్లో అద్దె ఇల్లు: ఏ రకం అద్దె ఎవరికి నప్పుతుంది?

ఐండ్‌హోవెన్, వెల్డ్‌హోవెన్ వైపు ఉద్యోగం వచ్చిన తెలుగువాళ్లు చాలామంది మొదట సిటీలోనే ఇల్లు వెతుకుతారు. ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఇల్లు చూడటానికి కూడా పిలుపు రాదు. చివరికి మ్యాప్‌ని కాస్త పక్కకి జరుపుతారు. అప్పుడు ఏర్సెల్, బ్లాడెల్, ర్యూసెల్, బెర్గైక్, ఓర్స్‌కోట్, హేజె, డ్యూర్నె లాంటి పేర్లు కనిపిస్తాయి. సిటీలో రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి ఇచ్చే డబ్బుతో ఇక్కడ మేడ మీద మూడు బెడ్‌రూములు, వెనక తోట, ముందు కారు పెట్టుకునే చోటు ఉన్న ఇల్లు దొరికే అవకాశం ఉంటుంది.

తికమక కూడా ఇక్కడే మొదలవుతుంది. ఈ పల్లె గెమెంటేలలో, అంటే ఇక్కడి మున్సిపాలిటీలలో, అద్దె ప్రకటనలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. ఒకటి మామూలు అద్దె ఇల్లు, ఇంకొకటి అమ్మకానికి పెట్టి ఈలోగా అద్దెకిస్తున్న ఇల్లు, మరొకటి రైతు ఇంట్లో ఒక భాగం, ఇంకొకటి వెకేషన్ పార్క్‌లో చెక్క ఇల్లు. ఫోటోల్లో అన్నీ బాగానే ఉంటాయి. చట్టం దృష్టిలో మాత్రం దేని లెక్క దానిదే. అందుకే నా సలహా ముందే చెప్తున్నాను: ముందు కాంట్రాక్ట్ రకం చూడండి, తర్వాత ఆఫీసుకి దారి చూడండి, ఇంటి అందం ఆఖర్న చూడండి.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

రిజిస్ట్రేషన్. నాలుగు నెలలకి మించి ఉండటానికి వచ్చినవాళ్లు, వచ్చిన ఐదు రోజుల్లో తామున్న ఊరి గెమెంటేలో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. బీఎస్ఎన్ అనే పౌర గుర్తింపు నంబర్, బ్యాంక్ ఖాతా, జీతం, హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ ఆ అడ్రస్ చుట్టూనే తిరుగుతాయి. “ఇల్లు ఇస్తాం కానీ ఇక్కడ రిజిస్టర్ చేసుకోకూడదు” అన్నారంటే ఆ ఇల్లు ఎంత చవకైనా మీకు పనికిరాదు. దీంట్లో బేరం లేదు.

ఎన్నాళ్లు ఉండనిస్తారు. 2024 జులై 1 నుంచి ఇక్కడ మామూలు ఇళ్లకి గడువు లేని కాంట్రాక్టే ఇవ్వాలి. అంటే ఇంటి ఓనర్ తనకి నచ్చినప్పుడు ఖాళీ చేయమనడానికి వీల్లేదు, చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి. విద్యార్థులు వంటి కొన్ని వర్గాలకే మినహాయింపు. అయినా “ఒక సంవత్సరం కాంట్రాక్ట్” అని ప్రకటనలు ఇంకా కనిపిస్తుంటాయి. అది కనీసం ఏడాది ఉండాలన్న షరతా, లేక ఏడాదికి ఖాళీ చేయాలన్న షరతా అని అడగండి. మొదటిది మామూలే. రెండోదానికి ఓనర్ చట్టంలోని ఏ మినహాయింపు చూపిస్తున్నాడో తెలియాలి.

ఆఫీసు దారి. సిటీలో బస్సు తప్పితే పది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. పల్లెలో సాయంత్రాలు, ఆదివారాలు బస్సులు బాగా తగ్గిపోతాయి. కొన్ని చిన్న ఊళ్లకి బ్యూర్త్‌బస్ ఒక్కటే దిక్కు. స్థానికులు జీతం తీసుకోకుండా నడిపే ఎనిమిది సీట్ల చిన్న బండి అది. మంచి సేవ, కాదనలేం. కానీ షిఫ్టు ఉద్యోగానికి దాన్ని నమ్ముకోలేం.

చేతి నుంచి మొత్తం పోయేది. అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. గ్యాస్, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ కాక చెత్త పన్ను, వాటర్‌స్ఖాప్ అనే నీటి బోర్డు పన్ను కూడా ఇంట్లో ఉండేవాళ్లే కట్టాలి. ఇంటి ఆస్తి పన్ను మాత్రం ఓనర్‌దే. పల్లెలో పాత పెద్ద ఇంటికి చలికాలం హీటింగ్ బిల్లు, సిటీ అపార్ట్‌మెంట్‌తో పోలిస్తే మిగిలిందనుకున్న అద్దెని తినేయగలదు. అందుకే ఎనర్జీ లేబుల్‌ని, అంటే ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గ్రేడుని, అద్దెలో భాగంగానే చూడండి.

ఖాళీ ఇల్లు ఎంత ఖాళీ. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్రకటనలో ‘కాల్’ అని ఉంటే ఇల్లు నిజంగానే బోసిగా ఉంటుంది. ఫర్నిచర్ లేకపోవడం ఒక్కటే కాదు, నేల మీద లామినేట్ కూడా ఉండదు. సిమెంటు నేల, మెట్ల మీద పాత కార్పెట్ పీకేసిన జిగురు మరకలు, కిటికీలకి కర్టెన్లు లేవు, సీలింగ్ నుంచి రెండు వైర్లు వేలాడుతుంటాయి. వెళ్లిపోయేవాళ్లు తాము వేయించిన నేలని కూడా తీసుకుపోవడమో, కొత్తవాళ్లకి అమ్మడమో ఇక్కడ మామూలు. ‘గెస్టోఫేర్డ్’ అంటే నేల, కర్టెన్లు ఉంటాయి. ‘గెమ్యుబిలేర్డ్’ అంటే సామాన్లతో సహా. రెండేళ్లే ఉంటామనుకునే వాళ్లు కాల్ ఇంటికి నేల వేయించి డబ్బు పోగొట్టుకోవడం కన్నా, నెలకి కాస్త ఎక్కువిచ్చి గెస్టోఫేర్డ్ తీసుకోవడం నయం. ఐదేళ్లు ఉండేవాళ్లకి ఇదే లెక్క తిరగబడుతుంది.

## ఒక్క చూపులో

| అద్దె రకం | ఎన్నాళ్ల భరోసా | రిజిస్ట్రేషన్ | ఎవరికి |
|---|---|---|---|
| మామూలు అద్దె (ఫ్రీ, మిడ్ సెక్టార్) | గడువు లేదు, గట్టి రక్షణ | ఇబ్బంది లేదు | కుటుంబాలు, రెండేళ్లు దాటి ఉండేవాళ్లు |
| సోషల్ అద్దె | చాలా గట్టిది | ఇబ్బంది లేదు | తక్కువ ఆదాయం, ఎదురుచూసే ఓపిక ఉన్నవాళ్లు |
| అమ్మకానికి ఉన్న ఇంట్లో తాత్కాలిక అద్దె | కనీసం 6 నెలలు, ఆపైన నోటీసు మీద | ఇబ్బంది లేదు | ఇల్లు కొనబోయేవాళ్లు, పిల్లలు లేని జంటలు |
| ఓనర్ ఇంట్లో గది లేదా భాగం | మొదటి 9 నెలలు రక్షణ తక్కువ | ముందే అడగాలి | ఒంటరిగా వచ్చినవాళ్లు |
| వెకేషన్ పార్క్ | దాదాపు లేదు | చిక్కులు | కొన్ని వారాల అవసరానికి |
| అంటిక్రాక్ (ఖాళీ భవనంలో కాపలాగా ఉండటం) | లేదు | ముందే అడగాలి | కుటుంబాలకి కాదు |

## మామూలు అద్దె ఇల్లు

పరారియస్, ఫుండా సైట్లలో, ఊరి మకెలార్ అంటే బ్రోకర్ ఆఫీసు కిటికీలో కనిపించేవి ఎక్కువగా ఇవే. కుటుంబంతో వస్తున్నవాళ్లు ముందు ఇక్కడే వెతకాలి.

ఈ ఇళ్ల అద్దె వెనక పాయింట్ల పద్ధతి ఉంటుంది. విస్తీర్ణం, ఎనర్జీ లేబుల్, తోట లేదా బాల్కనీ, కిచెన్, బాత్రూమ్, ప్రభుత్వం కట్టిన ఇంటి విలువ, ఇలా అన్నిటికీ పాయింట్లు వేస్తారు. 2025లో మొదలైన కాంట్రాక్టులకి 143 పాయింట్ల దాకా ఉన్న ఇంటికి బేసిక్ అద్దె, అంటే సర్వీస్ ఛార్జీలు కలపని అద్దె, 900.07 యూరోలు దాటకూడదు. 144 నుంచి 186 దాకా అయితే పాయింట్లను బట్టి గరిష్ఠంగా 1,184.82 యూరోలు. ఈ హద్దులు ఏటా మారతాయి. 187, ఆపైన ఉంటే ఫ్రీ సెక్టార్, మొదటి అద్దె ఓనర్ ఇష్టం. 2024 జులైలో వచ్చిన అందుబాటు అద్దె చట్టంతోనే 144 నుంచి 186 పాయింట్ల ఈ మిడ్ సెక్టార్ ఇళ్లకి కూడా హద్దు పడింది.

పల్లె ఇళ్లు పెద్దవి, తోటలూ ఉంటాయి కాబట్టి మంచి స్థితిలో ఉన్నవి చాలావరకు 187 దాటేస్తాయి. కానీ పాత, చల్లని ఇల్లు, ఎఫ్ లేదా జీ లేబుల్ ఉన్నది, పాయింట్లు పోగొట్టుకుంటుంది. అలాంటి ఇంటిని కొందరు ఫ్రీ సెక్టార్ ధర చెప్పి అద్దెకిస్తారు. 2025 జనవరి నుంచి కొత్త కాంట్రాక్టుతో పాటు పాయింట్ల లెక్క కాగితం ఇవ్వడం ఓనర్ బాధ్యత. అది అడిగి తీసుకోండి. హ్యుర్‌కొమిస్సీ అనే అద్దె ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో ఆ లెక్కని మీరే సరిచూసుకోవచ్చు. తేడా కనిపిస్తే కాంట్రాక్ట్ మొదలైన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్లండి. ఓనర్‌కి కోపం వస్తుందని చాలామంది భయపడతారు. అది అర్థం చేసుకోదగ్గదే. అయితే గడువు లేని కాంట్రాక్ట్ ఉన్నప్పుడు, అద్దె మీద ట్రిబ్యునల్‌కి వెళ్లారన్న కారణంతో మిమ్మల్ని వెళ్లగొట్టలేరు. చట్టం ఇచ్చిన ఆ ధైర్యాన్ని వాడుకోవాలి.

అడ్వాన్సు విషయంలోనూ చట్టం మీ వైపే ఉంది. 2023 జులై తర్వాతి కాంట్రాక్టులకి డిపాజిట్ రెండు నెలల బేసిక్ అద్దె దాటకూడదు. ఖాళీ చేశాక కోతలేమీ లేకపోతే 14 రోజుల్లో, ఉంటే లెక్కతో సహా 30 రోజుల్లో తిరిగివ్వాలి. మకెలార్ ఓనర్ తరఫున పనిచేస్తుంటే మీ దగ్గర కమీషన్ తీసుకోకూడదు. ‘అడ్మిన్ ఛార్జీ’, ‘కాంట్రాక్ట్ ఖర్చు’ అని పేరు మార్చి అడిగినా అంతే.

ఇందులో ఉన్న కష్టమల్లా దొరకడమే. నెల అద్దెకి మూడు రెట్లో, ఇంకా ఎక్కువో గ్రాస్ జీతం ఉండాలంటారు. ఉద్యోగం, జీతం ఇంత అని ఎంప్లాయర్ రాసిచ్చే వెర్క్‌గేవర్స్‌వెర్క్లారింగ్ కాగితం, మూడు నెలల పేస్లిప్పులు, పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కావాలి. ఇంకా ఇండియాలోనే ఉంటే పేస్లిప్పులకి బదులు సంతకం చేసిన ఉద్యోగ కాంట్రాక్ట్ పెట్టండి. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తున్నా కొందరు ఓనర్లు ఒక్క జీతమే లెక్కిస్తారు, ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

ఇక తోట. కోసిన గడ్డి, కత్తిరించిన కంచె మొక్కలు ఫోటోలో ముచ్చటగా ఉంటాయి. చట్టం ప్రకారం ఆ గడ్డి కోయడం, కలుపు తీయడం, కంచె కత్తిరించడం అద్దెకున్న వాళ్ల పని. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు ప్రతి శనివారం ఓ గంట దానికి పోతుంది. మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఇది వరం. బెండ కష్టం కానీ కొత్తిమీర, మెంతికూర, పాలకూర బ్రహ్మాండంగా వస్తాయి. ఇష్టం లేనివాళ్లు మాత్రం పెద్ద తోట చూసి ఒప్పేసుకోవద్దు. పెరిగిపోయిన తోట ఇక్కడి పల్లెల్లో ఇరుగుపొరుగు కంట్లో వెంటనే పడుతుంది.

## సోషల్ అద్దె

వోనింగ్‌కార్పొరాసీలనే లాభాపేక్ష లేని హౌసింగ్ సంస్థలు ఇచ్చే ఇళ్లివి. ఐండ్‌హోవెన్ ప్రాంతంలో వీటికి వోనీజీ అనే ఉమ్మడి పోర్టల్ ఉంది. ఆదాయ పరిమితి 2025లో ఒంటరి వ్యక్తికి ఏడాదికి 49,669 యూరోలు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఇంటికి 54,847 యూరోలు. కెన్నిస్‌మిగ్రాంట్ అనే నిపుణుల వీసా మీద వచ్చే ఇంజనీర్లలో చాలామంది దీనికి పైనే ఉంటారు. పరిమితి లోపల ఉన్నా ఎదురుచూపు సంవత్సరాల్లో ఉంటుంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, ఒకే జీతం మీద నడిచే చిన్న కుటుంబాలు వచ్చిన వారమే పేరు నమోదు చేసుకోండి, ఎందుకంటే చాలా ఇళ్లకి క్యూలో ఎన్నాళ్ల నుంచి ఉన్నారన్నదే ముఖ్యం. అది చేసి, ఈలోగా వేరే ఇల్లు చూసుకోండి.

## అమ్మకానికి పెట్టిన ఇల్లు, ఈలోగా అద్దె

పల్లెల్లో ఇది బాగానే కనిపిస్తుంది. పెద్దవాళ్లు చనిపోతే పిల్లలు ఇల్లు అమ్మకానికి పెడతారు, అమ్ముడయ్యే దాకా అద్దెకిస్తారు. దీనికి లేఖ్‌స్టాండ్‌వెట్ అనే చట్టం కింద గెమెంటే పర్మిట్ కావాలి. పర్మిట్ ఉందని, ఎంతకాలానికని కాంట్రాక్టులో రాసి ఉండాలి. కాంట్రాక్ట్ కనీసం ఆరు నెలలది. తర్వాత ఓనర్ ఖాళీ చేయమంటే కనీసం మూడు నెలల నోటీసు ఇవ్వాలి, మీరు వెళ్లాలంటే ఒక నెల చాలు. ఖాళీ చేయక తప్పదు, మామూలు అద్దెలో ఉండే రక్షణ ఇక్కడ వర్తించదు.

కాగితం సరిగ్గా ఉంటే ఇది నిజాయితీ గల బేరమే. ఏడాదిలో ఇల్లు కొనాలని లోన్ మాట్లాడుకుంటున్న జంటకి దీని కన్నా మంచిది లేదు. అద్దె తరచు తక్కువ, బయటపడటం తేలిక. స్కూలుకి వెళ్లే పిల్లలుంటే మాత్రం నేను వద్దనే అంటాను. కొత్త భాషలో అప్పుడప్పుడే స్నేహితులు కుదిరిన పిల్లని మూడు నెలల నోటీసు మీద ఇంకో ఊరికి మార్చడం, అద్దెలో మిగిలే డబ్బుకి తగిన పని కాదు.

పర్మిట్ గురించి అడిగితే “అవన్నీ తర్వాత చూద్దాం” అనే ఓనర్లూ ఉంటారు. పర్మిట్ లేకపోతే చట్టం మిమ్మల్ని మామూలు అద్దెదారుగానే చూస్తుంది, ఆ మేరకు రక్షణ మీకుంటుంది. కానీ దాని కోసం కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. కొత్త దేశంలో మొదటి ఏడాది ఆ టెన్షన్ ఎందుకు?

## రైతు ఇంట్లో భాగం, ఓనర్ ఇంట్లో గది

కెంపెన్ ప్రాంతంలోనూ, తూర్పున పేల్ వైపూ పాత పొడవాటి ఫార్మ్‌హౌస్‌లు చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఒకే కప్పు కింద ముందు మనుషులు, వెనక పశువులు ఉండేవారు. ఇప్పుడు ఆ వెనక భాగాన్ని ఇల్లుగా మార్చి అద్దెకిస్తుంటారు. నిశ్శబ్దం, మంచి గాలి, కిటికీలోంచి మొక్కజొన్న చేను. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి మనసు లాగుతుంది.

ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు చూడండి. ఆ భాగానికి విడిగా ఇంటి నంబర్ ఉందా, నివాసానికి గెమెంటే ఒప్పుకుందా? గ్యాస్ పైపు ఉందా, లేక తోటలో ప్రొపేన్ ట్యాంకా? డ్రైనేజీ ఊరి మురుగు లైనుకి కలిసిందా, లేక సొంత శుద్ధి ట్యాంకా, దాని నిర్వహణ ఎవరిది? ఫైబర్ ఇంటర్నెట్ ఆ గుమ్మం దాకా వచ్చిందా? ఇంటర్నెట్ కంపెనీ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి సొంతంగా చూసుకోండి, ఓనర్ మాట మీద వదిలేయొద్దు.

వాసన గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో పందుల, కోళ్ల, ఆవుల పెంపకం ఎక్కువ. ఫిబ్రవరి మధ్య నుంచి పొలాలకి ద్రవ ఎరువు తోలడం మొదలవుతుంది, కొన్ని రోజులు కిటికీ తీయలేరు. ఊరి మధ్యలో అది వచ్చి పోతుంది. పందుల షెడ్డు పక్కనే అయితే ఏడాదంతా ఉంటుంది. ఇల్లు చూడటానికి ఒకసారి కాక రెండుసార్లు, గాలి వేరే వైపు నుంచి వీచే రోజు కూడా వెళ్లండి.

ఓనర్ తానుంటున్న ఇంట్లోనే గది ఇస్తే దాన్ని హాస్పిటా అద్దె అంటారు. మొదటి తొమ్మిది నెలల్లో ఓనర్ కారణం చెప్పకుండా మూడు నెలల నోటీసు ఇచ్చి పంపించగలరు, ఆ తర్వాత మీకు రక్షణ పెరుగుతుంది. ఒంటరిగా వచ్చినవాళ్లకి మొదటి ఏడాది ఇది చక్కగా పనికొస్తుంది. డచ్ మాట్లాడటం వస్తుంది, ఊరి సంగతులు తెలుస్తాయి, సామాన్లు కొననక్కర్లేదు. తేలాల్సింది వంట సంగతి. కిచెన్ కలిపి వాడుకోవాలంటే ఇంగువ తాలింపు, చేపల పులుసు గురించి ముందే విడమర్చి చెప్పండి. “వంట చేసుకోవచ్చు” అన్నవాళ్ల మనసులో పాస్తా ఉంటుంది, మీ మనసులో పోపు ఉంటుంది. మొదటి కలయికలోనే ఏదైనా చేసి పట్టుకెళ్లి రుచి చూపించడం మంచి పద్ధతి.

## వెకేషన్ పార్క్ ఇల్లు

అడవి అంచున చెక్క ఇల్లు, సామాన్లన్నీ ఉన్నాయి, రేపే తాళం ఇస్తామంటారు. ఇల్లు దొరక్క విసిగిపోయినవాళ్లకి ఇది దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

ఈ పార్కులు ఉన్న భూమి చాలాచోట్ల విహారానికి కేటాయించినది, శాశ్వత నివాసానికి కాదు. గెమెంటే పట్టుకుంటే ఖాళీ చేయమని, లేకపోతే రోజుకో వారానికో ఇంత అని జరిమానా పడుతుందని నోటీసు ఇవ్వగలదు. కొన్ని గెమెంటేలు చూసీచూడనట్టు వదిలేస్తాయి, కొన్ని వదలవు.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీరు నిజంగా ఎక్కడ ఉంటే ఆ అడ్రస్‌లో నమోదు చేయడం గెమెంటే విధి. కాబట్టి పార్క్ అడ్రస్ మీద కూడా రిజిస్ట్రేషన్ అయ్యే అవకాశం ఉంది. దాన్ని చూసి “గెమెంటే ఒప్పుకుంది” అనుకుంటారు. రిజిస్ట్రేషన్ వేరు, అక్కడ నివసించే అనుమతి వేరు. రిజిస్టర్ చేసిన అదే గెమెంటే, భూమి నియమాలు చూసే ఇంకో విభాగం ద్వారా ఖాళీ చేయమనడం జరిగే పనే. పార్క్ యాజమాన్యమే తన కాంట్రాక్టులో “రిజిస్టర్ చేసుకోకూడదు” అని రాయడం కూడా మామూలు.

వీటికి తోడు ఆ కాంట్రాక్ట్ స్వల్పకాలానిది, అద్దె రక్షణ ఉండదు. వేసవి సీజన్‌లో టూరిస్టుల కోసం ఖాళీ చేయమనొచ్చు. కరెంటు, గ్యాస్ పార్క్ వాళ్ల మీటరు మీద, వాళ్లు చెప్పిన రేటుకి కట్టాలి. పలచని గోడల ఇంట్లో జనవరిలో హీటర్ ఆపడానికి ఉండదు. బస్సు దగ్గరుండదు.

అయినా అవసరం పడితే, నాలుగు వారాలకో ఆరు వారాలకో హోటల్‌కి బదులుగా వాడుకోండి. కంపెనీ తాత్కాలిక వసతి అయిపోయి అసలు ఇల్లు చేతికి రావడానికి మధ్య ఖాళీ ఉన్నవాళ్లకి సరిపోతుంది. “ముందు చేరిపోదాం, తర్వాత చూద్దాం” అని కుటుంబాన్ని తెచ్చి పెట్టొద్దు.

అంటిక్రాక్ గురించి రెండు మాటలు చాలు. ఖాళీ స్కూలు, పాత వృద్ధాశ్రమం లాంటి భవనాల్ని ఆక్రమణ జరగకుండా కాపలాగా ఉండేవాళ్లకి చాలా తక్కువకి ఇస్తారు. అద్దె హక్కులు ఉండవు, కొద్ది వారాల నోటీసుతో పంపేస్తారు, పిల్లలున్నవాళ్లకి సాధారణంగా ఇవ్వరు.

## ఏ ఊరు?

రకం తేలాక ఊరు. వెల్డ్‌హోవెన్‌లోని చిప్ యంత్రాల కంపెనీ ఏఎస్ఎంఎల్ వైపు వెళ్లేవాళ్లకి పడమటి కెంపెన్ సహజమైన దిక్కు, ఎందుకంటే ఏ67 హైవే అటే వెళ్తుంది. స్టేన్సెల్, క్నెగ్సెల్ ఊళ్ల నుంచి వెల్డ్‌హోవెన్‌కి సైకిల్ మీదే వెళ్లొచ్చు, ఎలక్ట్రిక్ సైకిల్ అయితే ఇంకా సుఖం. ఏర్సెల్‌లో అందమైన పాత మార్కెట్ చౌక్, దుకాణాలు, డాక్టర్, ఐండ్‌హోవెన్ వైపు బస్సు అన్నీ ఉన్నాయి. పల్లె కావాలి, ఒంటరితనం వద్దు అనుకునే కుటుంబానికి నేను ముందు చెప్పే పేరు అదే. బ్లాడెల్, ర్యూసెల్ ఇంకా పడమరకి, బెల్జియం సరిహద్దు వైపు. దూరం పెరిగే కొద్దీ అదే అద్దెకి ఇల్లు పెద్దదవుతుంది, కారు లేకుండా రోజు గడవడం కష్టమవుతుంది. వింటెల్‌రె విమానాశ్రయం పక్క ఊరు, విమానాల మోత విని చూసి నిర్ణయించుకోండి.

ఈ కెంపెన్ ఊళ్లలో రైల్వే స్టేషన్ లేదు. ఇంట్లో ఒకరికి వెల్డ్‌హోవెన్‌లో, ఇంకొకరికి ఉట్రెక్ట్‌లోనో డెన్ బాస్‌లోనో ఉద్యోగమైతే హేజె, మార్‌హేజె, డ్యూర్నె చూడండి. మూడింటికీ స్టేషన్ ఉంది. ఊరు కాస్త చిన్నదైనా రైలు ఉంటే చలికాలం బతుకు ఎంతో తేలిక.

కారు నమ్ముకునేవాళ్లు లైసెన్స్ సంగతి ముందే తేల్చుకోండి. ఇండియన్ లైసెన్స్ మీద రిజిస్ట్రేషన్ అయ్యాక 185 రోజులే నడపొచ్చు. విదేశాల నుంచి వచ్చిన నిపుణులకి ఇచ్చే 30 శాతం పన్ను రాయితీ ఉన్నవాళ్లు గెమెంటేలో దాన్ని డచ్ లైసెన్స్‌గా మార్పించుకోవచ్చు, అదే ఇంట్లో నమోదైన జీవిత భాగస్వామికీ ఆ వీలుంది. రాయితీ లేకపోతే థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రాయాలి, దానికి నెలలు పడుతుంది. లైసెన్స్ లేకుండా ర్యూసెల్‌లో పెద్ద ఇల్లు తీసుకున్న కుటుంబంలో ఆ భారమంతా ఇంట్లో ఉండిపోయే మనిషి మీదే పడుతుంది. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించి ఊరు ఎంచాలి.

పిల్లలకి నాలుగేళ్ల నుంచి బడి, ఐదేళ్ల నుంచి తప్పనిసరి. ఊరి బడి డచ్‌లో సాగుతుంది. ఆరేడేళ్ల లోపు పిల్లలు ఆశ్చర్యపోయేంత త్వరగా అందుకుంటారు, పల్లెలో అందరూ డచ్ మాట్లాడతారు కాబట్టి ఇంకా త్వరగా. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్ని తెచ్చేవాళ్లకి, మూడేళ్లలో ఇండియా వెళ్లిపోయేవాళ్లకి ఇంటర్నేషనల్ స్కూల్ కావాలి. అది ఐండ్‌హోవెన్‌లో ఉంది, కాబట్టి సిటీ అంచుకి దగ్గరగా ఉండటమే మంచిది. ఫ్యామిలీ డాక్టర్ తన పరిధిలోని అడ్రస్‌లనే తీసుకుంటాడు. సంతకం పెట్టే ముందు ఆ ఊరి క్లినిక్‌కి ఫోన్ చేసి కొత్తవాళ్లని తీసుకుంటున్నారా అని అడగండి.

## ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు

స్టవ్ చూడండి. ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కర్, ఇత్తడి గిన్నెలు పనిచేయవు. పాత ఇంట్లో గ్యాస్ ఉండొచ్చు. పొయ్యి మీద చిమ్నీ పొగని బయటికి పంపుతుందా, లేక ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుందా? తాలింపు వాసన సోఫాలో ఉండిపోవడం దీన్ని బట్టే ఉంటుంది. బాత్రూమ్ మూలల్లో, అల్మారా వెనక గోడకి నల్ల బూజు ఉందేమో మొబైల్ లైట్ వేసి చూడండి.

తాళం తీసుకునే రోజు ప్రతి గదినీ ఫోటోలు తీసి, మీటర్ రీడింగులతో సహా ఓనర్‌కి ఈమెయిల్ చేయండి. ఇంటి స్థితి రాసిన రిపోర్ట్ మీద ఇద్దరి సంతకాలూ ఉంటే డిపాజిట్ గొడవలు చాలావరకు రావు.

ఇల్లు చూడకుండా, మీ తరఫున ఎవరూ చూడకుండా డబ్బు పంపొద్దు. “ఓనర్ విదేశంలో ఉన్నాడు, డిపాజిట్ వేస్తే తాళం కొరియర్‌లో వస్తుంది” అన్నారంటే అది మోసమే. ఇండియా నుంచి వెతుకుతుంటే ఆ పక్కన ఉన్న స్నేహితులెవరినైనా పంపండి, కుదరకపోతే వచ్చాక చూసుకుంటామని చెప్పండి. ఓనరో మకెలారో నియమాలు మీరితే ఫిర్యాదు చేయడానికి ప్రతి గెమెంటేలోనూ చోటు ఉండాలని 2023 చట్టం చెప్తోంది. ఆ ఫిర్యాదుకి డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పకుండా కూడా చేయొచ్చు.